బెర్నీస్ గురించి ప్రేక్షకుల అభిప్రాయాలు

ఆదివారం పొద్దున్నే నేను చేసే మొదటి పని మా ఆయన్ని ఎవరెవరు తిట్టారో చదవడం. గార్త్ లేచేసరికి తిట్లన్నీ ఏరి పక్కన పెట్టెయ్యాలి. తను కాఫీ కప్పుతో బల్ల దగ్గర కూర్చున్నాక పొగడ్తలు మాత్రం పైకి చదవాలి. "ఇంకా?" అంటాడు గుడ్డు మీద మిరియాలపొడి చల్లుకుంటూ. "ఇంకా ఏమన్నారు?" నేను ఇంకోటి చదువుతాను. తిట్టినవాళ్లకి ఆ తరవాత నేనే మర్యాదగా జవాబులు రాస్తాను. మీ అభిప్రాయానికి కృతజ్ఞతలు, మీలాంటి ప్రేక్షకులే మాకు బలం, ఇట్లు గార్త్. ఆరేళ్లుగా ఆ 'ఇట్లు గార్త్'ని నేనే.

తన టీవీ షో పేరు 'ప్లగ్ పెట్టావా?'. మా ఊరు విన్నిపెగ్‌లో చలికాలం ఇంటికొచ్చిన ప్రతి మనిషినీ ముందు అడిగేది అదే, ఇంజను వెచ్చగా ఉండేందుకు కారుకి కరెంటు ప్లగ్ పెట్టావా అని. పెట్టకపోతే తెల్లారేసరికి ఇంజను బిగుసుకుపోతుంది. షో శుక్రవారం సాయంత్రం ఏడున్నరకి వస్తుంది, అరగంటలో ఏడెనిమిది స్కిట్లు. గార్త్ రాస్తాడు, వేషాలూ వేస్తాడు. ఒకప్పుడు ప్రేక్షకుల ఉత్తరాలు చూడ్డానికి ఛానల్లో ఒకావిడ ఉండేది. ఖర్చులు తగ్గించుకోవాలని ఆవిణ్ణి తీసేసినప్పుడు, ఇక ఎవరు చూస్తారన్న మాట వచ్చిందట మీటింగులో. "మా మార్నీ చూసుకుంటుందిలే. తనకి ఇలాంటివంటే సరదా," అన్నాడట గార్త్. నాకు సరదా అని నాకూ అప్పుడే తెలిసింది. అప్పట్నించీ ఆ మెయిళ్లన్నీ మా ఇంటికే వస్తాయి. సోమవారం తొమ్మిదింటికల్లా ఒక పేజీ రాసి ప్రొడ్యూసర్ జోవాన్‌కి పంపాలి. ఏ స్కిట్ నచ్చిందన్నవాళ్లు ఎందరు, నచ్చలేదన్నవాళ్లు ఎందరు, ఎవర్ని మళ్లీ చూడాలంటున్నారు అని. దాన్ని బట్టే ఏ పాత్ర వారం వారం రావాలో, ఏది ఆ వారంతో సరో తేలుస్తారు. అది పంపి తొమ్మిదిన్నరకి నా అసలు ఉద్యోగానికి పరిగెడతాను. డాక్టర్ పెనర్ గారి పళ్ల ఆసుపత్రిలో ముందు బల్ల దగ్గర కూర్చునేది నేనే.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పెయ్యాలి. నేను వాషింగ్ మెషీన్‌తో మాట్లాడతాను. పిచ్చి కాదు. ఎవరైనా ఒక మాట అన్నప్పుడు నాకు వెంటనే జవాబు తోచదు, నవ్వేసి ఊరుకుంటాను. రెండు రోజులు పోయాక బేస్‌మెంట్‌లో బట్టలు వేస్తుంటే ఆ జవాబు నోట్లోకి వస్తుంది, చక్కగా, ముక్కూ మొహం ఉన్న వాక్యంలా. అప్పుడు పైకి అనేస్తాను. మెషీన్ గొడగొడమంటూ తిరుగుతూ ఉంటుంది, నా మాట నాకే సరిగ్గా వినపడదు. అత్తగారికి చెప్పాల్సినవి, డాక్టర్ పెనర్‌కి చెప్పాల్సినవి, గార్త్‌కి చెప్పాల్సినవి, అన్నీ అక్కడే చెప్పేస్తాను. అరగంట తరవాత తడిబట్టల బుట్టతో పైకొస్తే ఒళ్లు తేలిగ్గా ఉంటుంది. అందరితో మళ్లీ మంచిగా ఉండగలుగుతాను. ఈ ఇంట్లో నాకంటూ ఉన్నది ఆ నాలుగడుగుల చోటే. దాని గురించి ఎవరికీ తెలియదనుకున్నాను.

మొన్న శుక్రవారం గార్త్ ఎప్పటిలాగే తన షో చూసుకోవడానికి మిగతా నటులతో పబ్‌కి వెళ్లాడు. నేనూ తాల్యా సోఫాలో కూర్చున్నాం. తాల్యా మా అమ్మాయి, పదిహేడేళ్లు. నేను మేజోళ్లు జతలు కలుపుతున్నాను. నాలుగో స్కిట్‌కి తెర తీస్తే బేస్‌మెంట్ సెట్టు. మధ్యలో వాషింగ్ మెషీన్. మెట్ల మీంచి బుట్ట పట్టుకుని ఒకావిడ దిగింది, గార్త్. తలకి క్లిప్పులు, ఒంటి మీద నా గోధుమరంగు స్వెట్టర్. అలాంటి స్వెట్టర్ కాదు, నాదే. మోచేతి దగ్గర నేను పచ్చదారంతో కుట్టిన కుట్టు టీవీలో కనబడుతోంది. వారంనుంచీ దానికోసం అల్మరాలన్నీ తిరగేస్తుంటే, "ఎక్కడో పెట్టి మర్చిపోయుంటావు, నీకలవాటేగా," అన్నాడు. ఆ ఆవిడ పేరు బెర్నీస్ అట. మెషీన్ మూత తెరిచి, నడుము మీద చెయ్యి పెట్టుకుని మాట్లాడ్డం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, మీవాడికి ఉల్లిపాయ సన్నగా తరగాలని ఇరవై రెండేళ్లుగా చెప్తున్నారు. వాడి చేతికి చాకిచ్చి ఒక్కనాడు చెప్పారా ఆ మాట?"

జనం గొల్లున నవ్వారు. నా చేతిలో మేజోడు నా చేతిలోనే ఉండిపోయింది.

"డాక్టరుగారూ, మీ ఆవిడ పుట్టినరోజని మీకు గుర్తుచేసేది నేను. పువ్వులు తెచ్చేది నేను. కార్డు మీద ముద్దుగా నాలుగు ముక్కలు రాసేదీ నేనే. సాయంత్రం ఆవిడ ఫోన్ చేసి, మా ఆయన ఎంత మంచివాడో చూశావా అని నాకే చెప్తుంది."

ఒక్క ముక్క మార్చలేదు. ఆ చివర్లో నేను తీసే దీర్ఘం కూడా తీశాడు. నా గొంతు నా మొగుడి నోట్లోంచి వస్తోంది, స్టూడియోలో మూడొందలమంది చప్పట్లు కొడుతున్నారు, నేను మా ఇంట్లో సోఫా మీద కూర్చుని చూస్తున్నాను. చివర్లో బెర్నీస్ మెషీన్‌కి చెవి ఆనించింది. "నీలో ఏదో టకటకమంటోందే. మెకానిక్ చూసెళ్లాడు, పదకొండు రోజులకి చెప్తానన్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తనకి ఈ వారం పని ఎక్కువ. ఎందుకు కంగారుపెట్టడం? పాపం, తనకి తెలీదు," అని, స్వెట్టర్ చేతితో ముక్కు తుడుచుకుని, సబ్బుపొడి రెండు కప్పులు ఎక్కువ పోసింది. నురగ పొంగింది. అన్నిటికంటే పెద్ద నవ్వు దానికే వచ్చింది. అప్పటికి నా బుర్ర ఇంకా ఆ పచ్చదారం దగ్గరే ఆగిపోయుంది. నురగ చూశాను గానీ మాట వినలేదు.

తాల్యా నా వైపు తిరిగింది. నవ్వడం ఎప్పుడో ఆపేసింది పిల్ల. "అమ్మా. అది నువ్వు."

"ఛ, ఊరుకో."

"నువ్వే. కింద మాట్లాడుకుంటావుగా, నాకు తెలుసు. మెట్ల దగ్గరికొస్తే గుసగుసలా వస్తుంది. మాటలు మాత్రం తెలీవు." నా ఒళ్లోని మేజోళ్లు పక్కకి జరిపింది. "మరి నాన్నకి మాటలన్నీ ఎలా తెలిశాయి?"

అలవాటు ప్రకారం రెండు రోజులాగితే జవాబు వస్తుందనుకున్నాను.

శనివారం పొద్దున గార్త్ వంటింట్లో నా వెనకాలొచ్చి నిలబడ్డాడు. "చూశావా?"

"చూశాను."

"ఎలా ఉంది?"

"జనం నవ్వారు."

"కోపం రాలేదు కదా? కొంచెం నువ్వున్నావు అందులో. కొంచెమే." నా బుగ్గ గిల్లాడు. "జోవాన్ ఏమందో తెలుసా? ఉత్తరాలు బావుంటే బెర్నీస్‌ని మిగిలిన పదమూడు వారాలూ పెట్టేస్తుందట. ఈ ఏడాది షో నిలబడుతుందో లేదోనని ఒకటే భయం కదా మాకు. నిలబెట్టేది ఈవిడే. నువ్వు సోమవారం పంపే పేజీ ఒక్కటీ బావుండాలి, అంతే."

పదమూడు వారాలు! పదమూడు శుక్రవారాలు నా బేస్‌మెంట్‌ని తెచ్చి అందరి ముందూ ఆరేస్తాడన్నమాట. అడగాల్సినవి అప్పుడు పదివేలున్నాయి. ఎప్పుడు విన్నావు, ఎక్కడ నిలబడి విన్నావు, నన్నొక్క మాట అడగాలనిపించలేదా అని. ఒక్కటీ రాలేదు. "గుడ్లు రెండా మూడా?" అన్నాను. తను స్నానానికి వెళ్లాక బట్టల బుట్ట పట్టుకుని కిందికి దిగాను, ఇప్పుడైనా నోరు పెగులుతుందేమోనని. మెషీన్ వేశాను. తిరిగింది. నేను గోడలవంక, పైకప్పువంక, సబ్బుడబ్బా వెనక్కి, అన్నిటివైపూ చూశాను, దొంగతనానికి వచ్చినదాన్లా. నోరు తెరిస్తే ఎవరో మూడొందలమంది కుర్చీల్లో సర్దుకుని కూర్చుంటున్నట్టనిపించింది. ఒక్క ముక్క మాట్లాడకుండా పైకొచ్చేశాను. అలా రావడం అదే మొదటిసారి.

శనివారం కూడా మా ఆసుపత్రి ఒంటిపూట ఉంటుంది, అక్కడ అడుగుపెట్టినప్పట్నించీ అదే గోల. పళ్లు శుభ్రం చేసే రోక్సాన్ నన్ను చూస్తూనే, "మార్నీ, మీ ఆయన దేవుడే! ఆ బెర్నీస్ అచ్చం మా అమ్మ!" అంది. లోపల కుర్చీలో నోరు మొద్దుబారి పడుకున్న ఒకాయన చెయ్యి ఊపి మరీ, "ఆం ఆవిళ, ఆం ఆవిళ" అన్నాడు, మా ఆవిడ అని. డాక్టర్ పెనర్ చేతులు కడుక్కుంటూ తెగ నవ్వారు. "ఆ డాక్టరు భలే పడ్డాడు మార్నీ! అలాంటివాళ్లు నిజంగానే ఉంటారు తెలుసా, బ్రాండన్‌లో మా ఫ్రెండొకడున్నాడు, అచ్చం అంతే. అన్నట్టు మంగళవారం మా ఆవిడ పుట్టినరోజేమో కదా?"

"మంగళవారమే," అన్నాను.

"పువ్వులు కొంచెం చూస్తావా?"

సాయంత్రం అత్తగారు ఫోన్ చేశారు. మా అత్తగారు స్టెఫాకి ఎనభై రెండు, టీవీ గట్టిగా పెట్టుకుని చూస్తారు. "అమ్మాయ్, ఆ అత్తెవరే, ఉల్లిపాయల అత్త! ఎంత గయ్యాళిదే! వినగానే మా తోడికోడలే గుర్తొచ్చింది. నా కొడుకు చూడు, ఆడదాని మనసు ఎలా చదివాడో. వాళ్ల నాన్నకి ఇందులో పావలా వంతు కూడా తెలిసేది కాదు. నువ్వు అదృష్టవంతురాలివి. రేపు పెరోగీలు చేసి పట్టుకురా, పిండి ఒత్తి దుంపముద్ద కూరడానికి నాకు చేతులు నొప్పి. ఉల్లిపాయ సన్నగా తరుగు, వాడికి పెద్దముక్కలు పడవు."

ఫోన్ పెట్టేసి ఉల్లిపాయలు తీశాను. ఊరు ఊరంతా చూసింది. ఎవరికీ తామెవరో తెలియలేదు. నాకొక్కదానికే తెలిసింది.

ఇవాళ పొద్దున ఆరింటికే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మామూలుగా నలభై, యాభై వస్తాయి. ఇవాళ నూటయాభై. అన్నీ బెర్నీస్ మీదే. అంతూపొంతూ లేని పొగడ్తలు కొన్ని. ట్రాన్స్‌కోనా నుంచి ఒకాయన, మా ఆవిణ్ణి ఎవరో దొంగతనంగా వీడియో తీసినట్టుందయ్యా, నవ్వలేక చచ్చాను అని రాశాడు. పోర్టేజ్ నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ, ఆడవాళ్లని మరీ ఇంత పిచ్చివాళ్లని చేస్తారా, ఏ ఆడదైనా బట్టల మెషీన్‌తో మాట్లాడుతుందా, సిగ్గుండాలి అని మండిపడింది. ఆవిడకి నేనేం జవాబు రాయను? ఒక మహిళా సంఘం అధ్యక్షురాలు, ఇంటిచాకిరీకి గొంతునిచ్చిన మగ రచయితకి వందనాలు, మార్చిలో మా సభకి ముఖ్య అతిథిగా రావాలి అని రెండు పేజీలు రాసింది. మా ఆయన పడీపడీ నవ్వుతుంటే నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను, ఎందుకో తెలీదు అని ఒకావిడ ఒక్క లైను రాసి పేరు కూడా పెట్టలేదు. ఒక కుర్రది ఆ స్వెట్టర్ ఎక్కడ దొరుకుతుందని అడిగింది. చివరి నురగ ముక్క అనవసరం, పదకొండు రోజులేంటో అర్థంకాలేదు అని పదిమందిదాకా అన్నారు. బాగుందన్నవి ఒక పక్క, బాలేదన్నవి ఒక పక్క పెట్టుకుంటూ పోయాను. అలవాటైన చేతులు కాబట్టి అవే చేశాయి. నూటముప్ఫై ఎన్నోదో తెరిచాను.

'గార్త్ గారికి. నా పేరు విల్మా థోర్సన్. గిమ్లీలో ఉంటాను, డెబ్భై ఒకటి. నేను టీవీవాళ్లకి ఎప్పుడూ రాయలేదు. ఆ ఆవిడ చివర చెప్పింది మెషీన్ గురించి అనిపించలేదండీ నాకు. రొమ్ములో గడ్డ ఉందని పరీక్ష చేయించుకుని ఫలితం కోసం నేను తొమ్మిది రోజులు కూర్చున్నాను, చాలా ఏళ్ల కిందట. మా కోళ్లకి తప్ప ఎవరికీ చెప్పలేదు. మా ఆయన చేపల పనిలో ఉన్నారు, ఎందుకు కంగారుపెట్టడం అనుకున్నాను. ఆయనకి పోయేదాకా తెలీదు. ఆ మాటలు మీరు కూర్చుని ఊహించి రాసినవి కావు. ఎవరి దగ్గరో విన్నారు. ఆవిడ ఎలా ఉంది? ఫలితం ఏమొచ్చింది? తీసుకోవడానికి వెళ్లినప్పుడు ఆవిడతో మీరు వెళ్లారా?'

నేను ఆ ఉత్తరం మూడుసార్లు చదివాను.

అక్టోబరులో నా ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది, స్నానం చేస్తుంటే. సూది వేసి ముక్క తీశారు, పదకొండు రోజులు పడుతుందన్నారు. అది షో కొత్త సీజన్ మొదలయ్యే వారం. గార్త్ అప్పటికే గోళ్లు కొరుక్కుంటూ తిరుగుతున్నాడు, నేనిది చెప్తే ఏమైపోతాడో అనుకున్నాను. తాల్యాకి పరీక్షలు. అక్కకి చెప్తే ఏడుస్తుంది. మెషీన్‌కి చెప్పాను. పదకొండు రోజులూ చెప్పాను. నాకేమన్నా అయితే పిల్లకి పెరోగీల పిండి కొలత రాసిపెట్టాలని చెప్పాను, జుట్టు ఊడిపోతే అద్దంలో చూసుకోలేనని చెప్పాను, చావంటే నాకు భయమని చెప్పాను. పన్నెండో రోజు బస్సెక్కి ఒక్కదాన్నీ వెళ్లాను. ఏమీ లేదన్నారు, మామూలు గడ్డేనన్నారు. ఆసుపత్రి బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చి, ముక్కు చీదుకుని, సాయంత్రానికి క్యాబేజీ కొనుక్కుని ఇంటికొచ్చాను. ఈ పదకొండు రోజుల మాట ఈ భూమ్మీద ఇంకో మనిషికి తెలియదు. బెర్నీస్‌కి ఎలా తెలిసింది?

తాల్యాని లేపాను. "కిందికెళ్లి మెషీన్ దగ్గర నిలబడి సబ్బుడబ్బా మీదున్నది చదువు. మెల్లిగా. నేను మాట్లాడుకునేంత మెల్లిగా." పిల్ల ఎందుకని అడగలేదు. మెషీన్ కూడా వెయ్యమన్నాను. గార్త్ మా పడగ్గదిలో గురకపెడుతున్నాడు. నేను తను రాసుకునే గదిలోకి వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాను. రెండు చలికాలాల కిందట, కాళ్లు చల్లబడుతున్నాయని తన బల్లని కిటికీ దగ్గర్నించి మూలకి జరిపాడు. వేడిగాలి వచ్చే రేకు జాలీ ఆ మూల నేలలో ఉంది. ఇంటింటికీ ఉండే జాలీయే, బేస్‌మెంట్‌లో ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ వేడిని పైకి తెచ్చే గొట్టం మూతి. బల్లకి రెండో పక్క పట్టుకుని జరిపింది నేనే. నిమిషం గడిచింది. నా పాదాల దగ్గర్నించి, వెచ్చటి గాలితోబాటు, మా అమ్మాయి గొంతు స్పష్టంగా పైకొచ్చింది. "తెల్లబట్టలకి ఒక కప్పు. కళ్లలో పడితే నీళ్లతో కడుక్కోవలెను." మెషీన్ చప్పుడు ఎక్కడో దూరంగా ఉంది. పిల్ల పక్కనే కూర్చుని చదువుతున్నట్టుంది.

బల్లమీద తన పసుపురంగు పుస్తకం ఉంది. ఇన్నేళ్లలో నేను దాన్ని ముట్టుకోలేదు, ఒకరు రాసుకున్నది చదవకూడదని నాకో పట్టింపు. తెరిచాను. అక్టోబరు పేజీలకి వెళ్లాను. 'గడ్డ. 4వ రోజు. ఇంకా నాకు చెప్పలేదు.' కింద, 'పాపం తనకి తెలీదు అంటోంది!! (ఇది చివర్న పడాలి.)' ఇంకో పేజీలో, 'గడ్డ అంటే నవ్వరు. మెషీన్‌లో చప్పుడుగా మార్చాలి.' ఆ తరవాత, 'ఏం లేదట. హమ్మయ్య.'

హమ్మయ్య అని రాసుకున్నాడు. ఆ రోజు నేను క్యాబేజీతో ఇంట్లోకి వస్తే, "నా నీలం స్వెట్టర్ ఉతికావా?" అని అడిగాడు.

పదింటికి గార్త్ బల్ల దగ్గరికొచ్చాడు, జుట్టు చెదిరి, చిన్నపిల్లాడిలా ఉషారుగా. కాఫీ పోశాను. గుడ్డు పెట్టాను. తాల్యా మెట్ల మీద కూర్చుంది, లోపలికి రాలేదు. "ఎన్నొచ్చాయి?" అన్నాడు.

"నూటయాభై. బావుందన్నవి నూటపద్దెనిమిది."

"నూటపద్దెనిమిది!" బల్లమీద అరచేత్తో కొట్టాడు. "చదువు చదువు."

ట్రాన్స్‌కోనా ఆయనది చదివాను. మహిళా సంఘం ఆవిడది చదివాను. ముఖ్య అతిథి అన్నచోట చెవులదాకా ఎర్రబడ్డాడు. "ఇంకా?" అన్నాడు. విల్మా థోర్సన్‌ది చదివాను, మొదటి ముక్క నుంచి చివరిదాకా. మధ్యలో ఎక్కడో తన చెంచా ఆగింది.

"ఇది బాగున్నవాటిలో ఎందుకు పెట్టావు?" అన్నాడు. "ఆ చివరి ముక్క చాలామందికి ఎక్కలేదులే, వచ్చేవారం తీసేద్దాం. నీకు బాధగా ఉంటే అసలు..."

"ఆవిడొకటి అడిగింది గార్త్. ఆవిడతో మీరు వెళ్లారా అని. ఏం రాయమంటావ్?"

"మార్నీ..."

"ఇట్లు గార్త్ అని పెట్టాలి కదా కింద. పైన ఏం రాయను?"

తను గుడ్డువంక చూశాడు. "నువ్వే చెప్తావని చూశాను. నిజంగా. నీ అంతట నువ్వు చెప్పనిదాంట్లో నేను తలదూర్చడం మర్యాద కాదనుకున్నా. నాకూ భయమేసింది తెలుసా? నాకు నిద్ర పట్టలేదు ఆ రోజుల్లో."

"పట్టింది. నీ పక్కనే పడుకున్నాను నేను."

"ఏం కాలేదుగా చివరికి! ఏమన్నా అయ్యుంటే నేనిది రాసేవాణ్ణా?"

"ఏమో. నాలుగోరోజుకే రాసుకున్నావు, ఇది చివర్న పడాలి అని."

నేను పుస్తకం చదివానని అప్పుడు అర్థమైంది తనకి. మొహంలో మొదట వచ్చింది కోపం, నా పుస్తకం ఎందుకు ముట్టుకున్నావన్న కోపం. అది మింగేసి బల్లమీంచి వంగి నా చెయ్యి పట్టుకున్నాడు. "చూడు. నాకు తెలిసినవాళ్లందరిలోకీ హాస్యం తెలిసిన మనిషివి నువ్వు. అక్కడ కింద నువ్వు మాట్లాడుతుంటే ఎంత బావుంటుందో నీకు తెలీదు. నీ పేరు కూడా వేయిస్తాను కావాలంటే, చివర్న, చిన్నగా. ఇంట్లో మాత్రం ఏమీ మార్చద్దు. నువ్వు ఎప్పట్లాగే ఉండు. ఎప్పట్లాగే కిందికెళ్లు, నేను వింటున్నానన్న సంగతే మర్చిపో. ఈ పదమూడు వారాలు గడవనీ."

నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్లలో తను రాసినవాటిలో నన్ను నిజంగా నవ్వించింది ఇదేనేమో. ఇరవై రెండేళ్ల కాపురం నా కళ్లముందు ఒక్కసారి తిరగబడింది. ఉల్లిపాయలు, ఉత్తరాలు, మీటింగులో నా తరఫున ఇచ్చేసిన మాట, నాకు జ్వరమొచ్చినప్పుడు నేనే కాచుకున్న జావ. ప్రతిదానికీ బేస్‌మెంట్‌లో నిలబడి నేను తనకి వకాల్తా పుచ్చుకున్నాను. చెడ్డవాడు కాదు, గమనించడు అంతే అని. చెప్తే చేస్తాడు, నేనే చెప్పను అని. ఆ వకాల్తా కూడా తను విన్నాడు, నా ఫిర్యాదులు రాసుకున్నట్టే దాన్నీ రాసుకున్నాడు, లేచొచ్చి ఒక్క కప్పు కడగలేదు. ఈసారి జవాబు కోసం రెండు రోజులు ఆగక్కర్లేకపోయింది.

"నీకు తెలీదనుకునే ఇన్నాళ్లూ నీతో ఉన్నాను గార్త్," అన్నాను. "తెలీకనే కదా అని."

తను ఏదో అనబోయాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తాల్యా మెట్ల మీంచి లేచి నిలబడింది. "అమ్మా, నేను పెద్దమ్మకి ఫోన్ చెయ్యనా?" అంది. చెయ్యమన్నాను. సెల్కర్క్‌లో మా అక్క ఇంట్లో పై గది ఎప్పుడూ ఖాళీయే.

సోమవారందాకా ఆగకుండా జోవాన్‌కి పేజీ ఇప్పుడే పంపించేశాను. అంకెల్లో దొంగతనం చెయ్యలేదు. బావుందన్నవారు నూటపద్దెనిమిది, బాలేదన్నవారు ముప్ఫై ఒకటి, ప్రశ్న అడిగినవారు ఒక్కరు. దాని కింద నా అభిప్రాయం కూడా రాశాను, నేనూ ప్రేక్షకురాలినే కదా. బెర్నీస్ మాటలు మార్నీ హ్రిసిక్‌వి, ఆవిణ్ణి ఎవరూ అడగలేదు, ఆవిడ ఇవ్వలేదు, ఇకనుంచి ఉత్తరాలు కూడా ఆవిడ చూడదు అని.

ఆ తరవాత విల్మా థోర్సన్ గారికి జవాబు రాయడానికి కూర్చున్నాను. అలవాటు కొద్దీ 'మీ అభిప్రాయానికి కృతజ్ఞతలు' అని కొట్టి, చెరిపేశాను.

'విల్మా గారికి. మీరు అడిగిన మనిషిని నేనే. ఏమీ లేదన్నారు, బాగానే ఉన్నాను. ఫలితానికి ఒక్కదాన్నే బస్సులో వెళ్లాను. మీ ఆయనకి తెలియదని రాశారు, అది మీ అదృష్టం. మా ఆయనకి తెలుసు. ఆ ఆవిడ వచ్చే శుక్రవారం టీవీలో ఉంటుందో లేదో నేను చెప్పలేను. ఈ ఇంట్లో మాత్రం ఉండదు. ఇట్లు, మార్నీ.'